అర మిల్లీమీటరు

“ఈ కప్పు నేనివ్వను. ఆ సంఘం వాళ్ళంతా కట్టగట్టుకుని వచ్చినా సరే, నన్ను దాటుకునే తీసుకెళ్ళాలి.”

అమ్మ సోఫాలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది. గెలుపు కప్పు ఆమె ఒళ్ళో ఉంది. పొద్దున లేచినప్పటి నుంచి అదే మాట. తల దువ్వుకోలేదు. ఎదురుగా పెట్టిన కాఫీ చల్లారి మీగడ కట్టినా చూడలేదు.

“ఇంకా ఎవరూ అడగలేదమ్మా,” అన్నాడు అన్నయ్య గుమ్మంలో నిలబడి.

“అడగడానికేగా ఇవాళ వస్తానన్నాడు ఆ సీళ్ళాయన. నిన్న ఫోన్లో ఏమన్నాడో నువ్వూ విన్నావు. నా కూతురు దొంగ ఇంజన్ పెట్టుకుని గెలిచిందట.”

“దొంగ ఇంజన్ అనలేదు. కొలత ఎక్కువుందన్నాడు.”

“రెండూ ఒకటే.”

“ఒకటెలా అవుతాయి,” అని ఇంకేదో అనబోయి, కిటికీ దగ్గరున్న చెల్లెలి వైపు చూసి అన్నయ్య మాట మింగేశాడు.

తూనీగ వెనక్కి తిరగలేదు. ఒకచోట నిలవదని చిన్నప్పుడు నాన్న పెట్టిన పేరు అది. ముప్ఫై దాటాక కూడా ఇంట్లోనూ, షెడ్డులోనూ, తను కారు నడపడం నేర్పే బడిలోనూ అదే పేరు మిగిలిపోయింది. అలాంటి మనిషి నిన్న సాయంత్రం నుంచి ఆ కిటికీ దగ్గరే కొయ్యబారి నిలబడింది.

పోయిన వారం, కొండ మీదికి కార్లు ఒక్కొక్కటిగా పరుగెత్తే పోటీలో, పదమూడు వందల సీసీ లోపు ఇంజన్ల వరసలో తను మొదట వచ్చింది. రెండో స్థానంలో వచ్చినవాడు అక్కడికక్కడే ఫిర్యాదు పెట్టాడు. పోటీకి ముందు ఇంజన్లకు తీగ కట్టి సీసం బిళ్ళతో సీలు వేసే పెద్దమనిషి, అదే సీళ్ళాయన, ఆ సీలు కోసి, ఇంజన్ పైమూత, హెడ్డు, విప్పించి కొలిచాడు. విప్పిన ఇంజన్ను అలాగే ట్రక్కులో ఇంటికి పంపాడు. పదమూడు వందల పదహారు సీసీ తేలిందని నిన్న ఫోన్. రేపు పోటీలు నడిపే సంఘం కూర్చుంటుంది. ఈలోగా స్వయంగా వచ్చి, తూనీగ చెప్పుకునేది వింటానన్నాడు.

కారు నేర్పే బడి యజమాని అంతవరకూ ఆగలేదు. “విషయం తేలేదాకా మీరు రావద్దండి. మోసం చేశారన్న మనిషి పక్కన కూర్చుని నేర్చుకోమని పిల్లల తల్లిదండ్రులకు నేనేం చెప్పను?” అన్నాడు. అన్నారట, అనుకుంటున్నారట, ఇంకా తేలలేదట. ఆ ‘ట’ల మధ్య తన ఉద్యోగం గాల్లో వేలాడుతోంది.

వీధి తలుపు తీసుకుని వదిన వచ్చింది. నర్సు డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, ఇంకా తెల్ల కోటులోనే ఉంది. చెప్పులు విడిచి, చేతిసంచి బల్ల మీద పెట్టి, ఎవరి ముఖం ఎలా ఉందో ఓసారి కలయజూసింది.

“ఆసుపత్రిలో అందరూ నన్నే అడుగుతున్నారు,” అంది. “మీ ఆడపడుచు ఏదో సీసీలు ఎక్కువ పెట్టిందట కదా అని. నాకు తెలిసిన సీసీలు సిరంజిలో ఉండేవే. ఏం చెప్పాలో తెలియక నవ్వేసి వచ్చాను. నాకు సిగ్గేసింది తూనీగా. నీ గురించి కాదు. నా ఇంటి విషయం నాకే తెలియనందుకు.”

“అవే సీసీలు వదినా,” అంది తూనీగ. నిన్నటి నుంచి ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే కావచ్చు. “నీ సంచిలో ఖాళీ సిరంజి ఉంటే ఇవ్వు.”

వదిన సూది లేని ప్లాస్టిక్ సిరంజి ఒకటి తీసిచ్చింది. తూనీగ దాని కాడను అడుగుదాకా నొక్కి, మెల్లగా పైకి లాగింది.

“ఈ గొట్టమే సిలిండర్. లోపల కదిలే రబ్బరు ముక్క పిస్టన్. ఇదిగో, ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. వెళ్ళిన మేర ఎంత ఖాళీ ఏర్పడిందో అదే దీని సైజు. నీ సిరంజి మీద గీతలున్నాయి కాబట్టి చూసి చెప్పేస్తావు. ఇంజన్‌కు గీతలుండవు. అందుకని లెక్క కట్టాలి.”

“ఎలా?”

“గొట్టం ఎంత వెడల్పుందో కొలుస్తారు. దాన్ని బోరు అంటాం. పిస్టన్ ఎంత దూరం నడుస్తుందో కొలుస్తారు. అది స్ట్రోకు. గొట్టం నోరు గుండ్రం కదా, ఆ గుండ్రం వైశాల్యాన్ని ఈ దూరంతో గుణిస్తే ఒక సిలిండర్ వస్తుంది. మన కారుకు నాలుగు. నాలుగుతో గుణిస్తే మొత్తం.”

“మరి కారు వెనకాల ఒకటి పాయింట్ మూడు అని రాసుంటుంది?”

“అది లీటర్ల లెక్క. వెయ్యి సీసీలు ఒక లీటరు. మన ఇంజన్ అసలు లెక్క పన్నెండు వందల తొంభై ఎనిమిది చిల్లర. అమ్ముకునేవాళ్ళు దాన్ని గుండ్రం చేసి పదమూడు వందలని రాసుకుంటారు. పోటీవాళ్ళు గుండ్రం చెయ్యరు. పదమూడు వందలు గీత. అది దాటితే పెద్ద ఇంజన్ల వరసలో పరుగెత్తాలి.”

వదిన సిరంజిని తిరిగి తీసుకుని, కాడను రెండు మూడుసార్లు ఆడించి చూసింది.

“అయితే మనది దాటలేదు.”

“దాటదు. దాటే దారే లేదు. ఆయన తప్పు కొలిచాడు. సిలిండర్ పైన హెడ్డులో ఒక గుంట ఉంటుంది, పిస్టన్ అక్కడిదాకా రాదు. బహుశా దాన్నీ కలిపేసి ఉంటాడు.”

“అదే, నేనూ అదే అనుకున్నా,” అన్నాడు అన్నయ్య చటుక్కున. “హెడ్డులో జాగా కలిపేశాడు. రేపు సంఘంలో అదే చెబుదాం.”

“చెప్పడం ఎందుకు అన్నయ్యా, ఇంజన్ మన షెడ్డులోనే ఉందిగా. మనమే కొలుద్దాం. ఆయన వచ్చేసరికి అంకెలు ఆయన ముందు పెడదాం.”

“ఇప్పుడా?”

“ఇంకెప్పుడు?”

“బోరు గేజి లేదిక్కడ. పై వీధి షెడ్డువాళ్ళు అడిగితే ఇచ్చా.”

తూనీగ తల తిప్పి అతని వంక చూసింది. ఆ చూపులో ఇంకా అనుమానం లేదు, విసుగే ఉంది. ఇల్లు తగలబడుతుంటే బిందె ఎవరికో అరువిచ్చానన్నవాడిని చూసినట్టు చూసింది. తర్వాత చెప్పులేసుకుని పెరటి తలుపు తీసింది.

షెడ్డు ఇంటి వెనకే. రేకుల కప్పు కింద నూనె, ఇనుప రజను, పాత రబ్బరు కలిసిన వాసన. మధ్యలో పోటీ కారు ముక్కు తెరుచుకుని నిలబడింది. దాని ఇంజన్ను బయటికి దించి స్టాండుకు బిగించారు, మీద పట్టా కప్పారు. లోపలి గోడకు ఆనుకుని, సిలిండర్లను తొలిచే బోరింగ్ మిషను. దాని పక్కన ఎత్తు పీట మీద నాన్న కూర్చుని వేస్టు గుడ్డతో ఒక పానాను తుడుస్తున్నాడు. ఆ పానా ఎప్పుడో శుభ్రపడింది.

“నాన్నా, బోరు గేజి పై వీధికి వెళ్ళిందా?”

నాన్న తల ఎత్తలేదు. “రెండో అరలో ఉంది,” అన్నాడు.

వెనకే వచ్చిన అన్నయ్య గడప దగ్గరే ఆగిపోయాడు.

తూనీగ రెండో అర లాగి, మఖమల్ గుంటలో పడుకున్న గేజిని తీసింది. మైక్రోమీటరును డెబ్బై నాలుగు మిల్లీమీటర్ల దగ్గర బిగించి, గేజి కాళ్ళు దాని మధ్య నిలిపి ముల్లును సున్నాకు తెచ్చింది. ఈ పని నాన్న నేర్పినదే. సిలిండర్ పుట్టినప్పటి కొలతలోనే ఉంటే, లోపలికి దించినా ముల్లు సున్నా దగ్గరే నిలవాలి.

పట్టా తీసింది. మొదటి సిలిండర్‌లోకి గేజిని దించి అటూ ఇటూ మెల్లగా ఊపింది.

ముల్లు సున్నా దగ్గర ఆగలేదు. యాభై గీతలు దాటి నిలబడింది.

సరిగ్గా దించలేదనుకుంది. తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ మైక్రోమీటరు దగ్గర సరిచూసి దించింది. యాభై గీతలు. పైన యాభై. మధ్యలో యాభై. అడుగునా యాభై. రెండో సిలిండర్‌లో అంతే. మిగిలిన రెండిట్లోనూ అంతే.

ఒక్కో గీత మిల్లీమీటరులో నూరో వంతు. యాభై గీతలంటే అర మిల్లీమీటరు.

తూనీగ సుద్దముక్క తీసుకుని ఇనుప బల్ల మీదికి వంగింది. వదిన ఆమె భుజం పక్కగా నిలబడింది. 

“డెబ్బై నాలుగున్నర మిల్లీమీటర్లు. సెంటీమీటర్లలో ఏడు పాయింట్ నాలుగు ఐదు,” అంది తూనీగ. వదినకు చెబుతున్నట్టుగా మొదలుపెట్టింది గాని, గొంతు ఎవరికీ చెబుతున్నట్టు లేదు. “సగం మూడు పాయింట్ ఏడు రెండు ఐదు. దాన్ని దానితోనే గుణిస్తే పదమూడు పాయింట్ ఎనిమిది ఏడు. మళ్ళీ పైతో, అంటే మూడు పాయింట్ ఒకటి నాలుగుతో. నలభై మూడున్నర చదరపు సెంటీమీటర్లు, ఇంకాస్త. స్ట్రోకు ఏడు పాయింట్ ఐదు ఐదు. గుణిస్తే మూడు వందల ఇరవై తొమ్మిది. నాలుగు సిలిండర్లు.”

చివరి అంకె రాయకుండానే అందరికీ తెలిసిపోయింది. అయినా రాసింది. పదమూడు వందల పదహారు.

“ఆయన హెడ్డులో గుంట కలపలేదు,” అంది. “సరిగ్గానే కొలిచాడు.”

“అప్పుడు ఇంజన్ వేడిగా ఉండి…” అన్నాడు అన్నయ్య.

“ఇప్పుడు చల్లగానే ఉంది.”

“అరిగి ఉంటుంది. ఎన్నాళ్ళ ఇంజన్ అది.”

“ఇలా రా.”

“చూశానులే.”

“చూసి ఉంటావు. అయినా ఇలా రా.”

అన్నయ్య రాలేదు. వదిన ముందుకు వంగి సిలిండర్‌లోకి చూసింది. తూనీగ ఫోన్ లైటు లోపలికి పట్టింది. నున్నటి గోడల మీద ఒకదాన్నొకటి ఐమూలగా కోస్తున్న సన్నటి గీతలు తళతళలాడాయి.

“అరిగిన సిలిండర్ పైన వెడల్పయి అడుగున ఇరుకుగా ఉంటుంది వదినా. గుండ్రం పోయి కోలగా అవుతుంది. ఇది పై నుంచి కింది దాకా ఒక్క తీరుగా ఉంది. ఈ గీతలు చూడు. కొత్తగా బోరు చేసి, రాయితో సాన పట్టినప్పుడు పడే గీతలు. దీన్ని ఎవరో మిషను మీద పెట్టి అర మిల్లీమీటరు తొలిచారు. నాలుగింటినీ తొలిచారు. పెద్ద పిస్టన్లు వేశారు. నాకు చెప్పకుండా సీలు వేయించారు.”

ఎవరో అన్న మాటను ఆమె కావాలనే అంది. ఆ మాట వెళ్ళి గడప దగ్గర నిలబడ్డ మనిషిని తాకింది.

“పిస్టన్లు అరిగాయి, ఏం చెయ్యమంటావు,” అన్నాడు అన్నయ్య. “అరిగితే బోరు చేసి పై సైజు వెయ్యరా? రోజూ చేసే పనేగా.”

“రోజూ వచ్చే కార్లకు చేస్తావు. పోటీ కారుకు స్లీవు, అంటే లోపల కొత్త గొట్టం దించి మళ్ళీ డెబ్బై నాలుగుకే తేవాలని నీకు తెలియదా? అరిగితే అరిగిందని నాకు చెప్పాలిగా. కారులో కూర్చుని కొండెక్కేది నేనా నువ్వా?”

“అర మిల్లీమీటరు. గోరంత లేదు.”

“గోరంత లేనిదానికి ఇంత దాపరికం ఎందుకు?”

అన్నయ్య నుదుటి చెమట మోచేత్తో తుడుచుకున్నాడు. అలా తుడుచుకున్నప్పుడల్లా అతని ముఖం మీద నల్లటి చార ఒకటి పడేది, చిన్నప్పుడు అది చూసి ఆమె నవ్వేది.

“నిరుడు నువ్వు ఓడిపోయి, కారులోంచి దిగకుండా కూర్చుని ఏడ్చావు,” అన్నాడు చివరికి. “అది నేను మళ్ళీ చూడలేననుకున్నా. అంతే.”

“నిరుడు నేను మూడో మలుపు దగ్గర తొందరపడి బ్రేకు వేశాను. అందుకు ఓడిపోయాను. ఇంజన్ చాలక కాదు. ఆ మలుపు నేర్చుకోవడానికి ఏడాదంతా సెలవు దొరికిన ప్రతిసారీ ఆ కొండకు వెళ్ళాను. వర్షంలో వెళ్ళాను. జ్వరంతో వెళ్ళాను. నీకు తెలుసు, టైర్లు మార్చింది నువ్వే.”

“తెలుసు.”

“తెలిసీ గెలవననుకున్నావు.”

అతను గడప మీది నూనె మరకను చెప్పుతో రాశాడు.

“చెప్పన్నయ్యా. నేను గెలవననుకునేగా తొలిచావు?”

“అందరూ అన్నారు…”

“అందరి సంగతి అడగలేదు.”

ఇంజన్ స్టాండు మీద నుంచి నూనె బొట్టు ఒకటి కింది రేకులోకి జారింది.

“పదహారు సీసీలు,” అంది తూనీగ. ఆమె గొంతు పెరగలేదు, సన్నబడింది. “మొత్తం ఇంజన్‌లో నూటికి ఒక వంతు, ఇంకాస్త. దానితో ఏమొస్తుంది? కొండెక్కేటప్పుడు నా చేతులకు తెలియనంత తేడా. ఆ కాస్త నువ్వు కలపకపోయినా నేను గెలిచేదాన్నే. కానీ ఆ మాట నేనిప్పుడు ఎవరితో అనగలను? నా గెలుపు నాదా, నీ అర మిల్లీమీటరుదా అని ఎవరైనా అడిగితే ఏం చూపించను? నా దగ్గర్నుంచి ఏం పట్టుకుపోయావో నీకు తెలుస్తోందా?”

“నీ కోసమే చేశా.”

“నా కోసమా?” ఆమె షెడ్డు ముందు గోడ వైపు చెయ్యి చాపింది. గెలిచిన మర్నాడే అన్నయ్య అక్కడ పెద్ద ఫోటో ఒకటి బిగించాడు. పూలదండతో కారు, కారు తలుపు మీద షెడ్డు పేరు. పక్కన నిలబడ్డ తూనీగను ఫోటో అంచు కోసేసింది. మోచెయ్యి ఒక్కటే మిగిలింది. “ఆ మోచెయ్యి కోసం చేశావా? పోటీ కార్లు మన షెడ్డుకు రావాలని చేశావు. వచ్చాయి కూడా. బయట రెండు నిలబడి ఉన్నాయి. నా కోసమని మాత్రం అనకు, నాకు కడుపు మండిపోతుంది.”

ఆ తర్వాత నాన్న వైపు తిరిగింది.

“మీకు తెలుసా?”

నాన్న పానా పక్కన పెట్టాడు. “వాడు తెచ్చి పెట్టాడు. బోరు చేశాను.”

“ఎందుకని అడగలేదా?”

“అరిగిందన్నాడు.”

“కొలిచారా?”

కొలవకుండా కత్తి పెట్టే మనిషి కాదాయన. పక్క షెడ్డువాడు కొలిచి తెచ్చినదాన్ని కూడా తను మళ్ళీ కొలిచేవాడు. ఆ సంగతి అక్కడున్న ఇనుప ముక్కలక్కూడా తెలుసు. నాన్న పానాను మళ్ళీ చేతిలోకి తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు.

మాటలు ఇంట్లోకి వినపడ్డాయో ఏమో, అమ్మ పెరట్లోంచి వచ్చింది. కప్పు ఇంకా చేతిలోనే ఉంది. ఇనుప బల్ల మీది అంకెలు ఆమెకు అర్థం కావు. కొడుకు ముఖం మాత్రం అర్థమవుతుంది. చూసిన వెంటనే కప్పును బల్ల మీద దించేసింది. అది ఒక్కసారిగా బరువెక్కినట్టు దించింది.

“ఎంత పని చేశావురా,” అంది. అదొక్కటే. కొడుకును అన్నది అంతే. ఆ తర్వాత కూతురి దగ్గరకు వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. “ఇప్పుడు ఏమవుతుంది?”

చెప్పింది అన్నయ్యే. “నడిపిన మనిషికి తెలిసి చేసిందయితే ఆ మనిషిని రెండేళ్ళు పోటీల్లోకి రానివ్వరు, షెడ్డు జోలికి రారు. తెలియకుండా షెడ్డువాళ్ళు చేసిందయితే, ఆ షెడ్డులో పోటీ ఇంజన్లు కట్టనివ్వరు. ఇక ఎప్పటికీ.”

“ఎప్పటికీ,” అంది అమ్మ.

“ఎప్పటికీ.”

అమ్మ చెయ్యి కూతురి భుజం మీద నుంచి జారి మోచేతి దగ్గర ఆగింది. నిమిరింది. ఆ నిమరడంలో ఏం రాబోతోందో తూనీగకు ముందే తెలిసిపోయింది. తెలిసీ, రాకూడదని కోరుకుంది.

“రెండేళ్ళెంతలో తిరుగుతాయి తల్లీ,” అంది అమ్మ.

“అమ్మా.”

“నేననేది విను. వాడికి షెడ్డు తప్ప ఇంకో బతుకు లేదు. మీ నాన్న చేతుల మీద పెరిగిన షెడ్డు ఇది. నువ్వంటావా, సరదాకు పోటీలకు వెళ్తావు…”

“సరదాకా?”

“కోపం తెచ్చుకోకు. నీకు తెలుసని ఒక్క మాట చెప్పు. పోయిందేముంది?”

“నా పేరు పోయింది. నా ఉద్యోగం పోబోతోంది. పొద్దున నా కూతుర్ని దొంగంటారా అని కప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నావు. ఇప్పుడు నన్నే దొంగనని ఒప్పుకోమంటున్నావు. గంట గడిచిందా అమ్మా?”

“ఇంటి కోసం అడుగుతున్నా.”

“ఇంట్లో నేను లేనా?”

అమ్మ కూతురి మోచెయ్యి వదిలేసింది. కోడలి సాయం కోసం చూసింది. “నువ్వయినా చెప్పమ్మా. రేపు ఇబ్బందిపడేది మీ కాపురమే.”

వదిన తెల్ల కోటు గుండీలు ఒక్కొక్కటీ విప్పుతోంది. ఆగి అంది, “నా కాపురం పేరు చెప్పి ఆ మాట అడగకండి అత్తయ్యా. మా వార్డులో ఒకరు తప్పు మందు ఎక్కించి, పక్కనున్న నర్సును ఒప్పుకోమంటే నేను ఊరుకోను. ఇంట్లో ఎలా ఊరుకుంటాను?” తర్వాత భర్త వైపు తిరిగింది. “ఏమండీ. ఆయన వస్తే మీరే చెప్పండి. అన్నం తిన్నా తినకపోయినా బతుకుదాం, ముందు చెప్పండి.”

అన్నయ్య తల ఊపాడు. ఊపినట్టే ఉంది. వదిన దాన్ని నమ్మింది.

తూనీగ కూడా నమ్మింది. అంత కోపంలోనూ, వాడు చెబుతాడు, చెప్పాక వాడి పక్కన నిలబడి ఈసారికి వదిలెయ్యమని తనే బతిమాలవచ్చు అనుకుంది. రక్తం అలాంటిది.

వీధిలో కారు ఆగింది. సీళ్ళాయన పెరటి దారినే షెడ్డులోకి వచ్చాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, చేతిలో ఏమీ లేదు. అందరికీ నమస్కారం పెట్టి, ఇనుప బల్ల మీద సుద్దతో రాసిన అంకెలు చూసి ఆగాడు.

“మీరే కొలిచారా అమ్మా?”

“నేనే కొలిచానండి. మీరు కొలిచింది సరైనదే.”

ఆయన కాసేపు ఆమె ముఖం చూశాడు. గొడవకు సిద్ధపడి వచ్చిన మనిషి, గొడవ లేకపోయేసరికి తడబడ్డట్టు కనిపించాడు.

“అయితే ఒకటే అడుగుతాను. పోటీ రోజున మీకు తెలుసా?”

అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“తెలియదు,” అంది తూనీగ. “ఇందాక కొలిచేదాకా తెలియదు.”

“మరి బోరు చేయించిందెవరు?”

“అది నన్నడగకండి. ఇంజన్ కట్టినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. ఎవరి మాట వాళ్ళే చెప్పాలి.”

సీళ్ళాయన అన్నయ్య వైపు తిరిగాడు. అన్నయ్య రెండడుగులు ముందుకు వచ్చాడు. వేస్టు గుడ్డ అందుకుని, వేలు వేలూ తుడుచుకున్నాడు.

“ఇంజన్ కట్టింది నేనేనండి,” అన్నాడు. “అందులో దాపరికం లేదు.”

వదిన ఊపిరి వదిలింది.

“కానీ, ఆ కొలత అడిగింది తనే. నిరుడు ఓడిపోయింది కదండీ. ఈసారి కాస్త ఎక్కువ లాగేలా చెయ్యన్నయ్యా, ఎవరికీ తెలియదులే అంది. చెల్లెలు అడిగితే కాదనలేకపోయాను. అదండీ నా తప్పు.”



“ఏమండీ,” అంది వదిన. 

తూనీగకు ముందు వినపడినట్టే అనిపించలేదు. తర్వాత ఒక్కొక్క మాటా వచ్చి తగిలింది. చెయ్యన్నయ్యా అన్న మాట ముఖ్యంగా. అది నిజంగా తను పిలిచే తీరే. అబద్ధంలో కూడా తన గొంతునే వాడుకున్నాడు.

“అన్నయ్యా, నా కళ్ళలోకి చూసి అను,” అంది.

అతను గుడ్డను మడతపెట్టుకుంటూ నేల చూశాడు.

సీళ్ళాయన ఒకరి ముఖం నుంచి ఇంకొకరి ముఖానికి చూపు తిప్పాడు. ఒక మాటకు ఇంకో మాట పోటీ. రెండిట్లో ఏది నిలుస్తుందో గేజి పెట్టి తేల్చలేడు. చివరికి మిషను పక్కనున్న పీట దగ్గరకు నడిచి, గౌరవంగా కాస్త వంగి అడిగాడు.

“పెద్దాయనా, ఈ బోరింగ్ మిషను మీద మీ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడదని నాకు తెలుసు. తొలిచింది మీరే. తొలవమన్నప్పుడు మీ ముందు ఎవరున్నారు? ఎవరు అడిగారు? మీరు చెప్పిన మాటే రేపు సంఘంలో చెబుతాను. మీరు అన్నాక ఇక ఎవరినీ అడగను.”

నాన్న పానా తుడవడం ఆపాడు. కొడుకును చూశాడు. కూతుర్ని చూడబోయి, సగంలోనే చూపు దించుకున్నాడు.

“అమ్మాయిని కాసేపు ఇంట్లోకి వెళ్ళమనండి,” అన్నాడు. “చెబుతాను. అది ఎదురుగా ఉంటే నేను చెప్పలేను.”

అమ్మ వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. “రామ్మా.”

తూనీగ ఆ చేతిని విడిపించుకుంది. విదిలించలేదు, వేళ్ళు ఒక్కొక్కటిగా తీసింది. ఇంజన్ స్టాండు చుట్టూ తిరిగి వెళ్ళి, నాన్నకు మూరెడు దూరంలో, ఆయన తల ఎత్తితే తన ముఖం తప్ప ఇంకేమీ కనపడనంత దగ్గరగా నిలబడింది.

“నేను వెళ్ళను నాన్నా. ఏం చెబుతారో నన్ను చూస్తూనే చెప్పండి.”